మాడ్యూళ్ల మీద పేటెంటు కేసు: గవర్నర్‌పేట కొట్టులో నా అనుభవం

ఎలక్ట్రానిక్ విడిభాగాలు దిగుమతి చేసుకునేవాళ్లకి పేటెంటు నోటీసు వస్తే ఏమవుతుందని ఈ మధ్య మా లైన్లోవాళ్లు నలుగురైదుగురు అడిగారు. ఫోన్లో చెప్పిందే చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. నేను లాయర్ని కాను, ఇంజినీర్ని అంతకన్నా కాను. బీకాం చదివి, పెళ్లయిన దగ్గర్నించీ విజయవాడ గవర్నర్‌పేటలో మా అత్తవారి కొట్టు లెక్కలూ దిగుమతి కాగితాలూ చూసుకుంటున్నదాన్ని.

మా దగ్గర రెసిస్టర్లు, రిలేలు, కెపాసిటర్లు, మైక్రోకంట్రోలర్లు అన్నీ ఉంటాయి గానీ నాలుగు డబ్బులు మిగిలేది 4జీ మాడ్యూళ్ల మీద, అంటే ఫోనులా మొబైల్ నెట్‌వర్క్ అందుకునే చిన్న విడిభాగాల మీద. పొలం మోటారుకి పెట్టే మొబైల్ స్టార్టర్ చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో మంచం మీద నుంచి మిస్డ్ కాల్ ఇస్తే బోరు మోటారు తిరుగుతుంది, ఫేజు పోతే మెసేజ్ వస్తుంది. నూజివీడు, తిరువూరు, మైలవరం వైపు తోటల్లో, అటు పల్నాడు బోర్ల మీద వీటికి గిరాకీ ఎక్కువ. కరెంటు వేళలు మారినప్పుడల్లా చీకట్లో పొలానికి పరిగెత్తే బాధ తప్పుతుంది. ఆటోనగర్‌లో, గుంటూరులో, తెనాలిలో చిన్న షెడ్లు పెట్టుకుని ఈ స్టార్టర్లు తయారుచేసేవాళ్లకి మాడ్యూలు ఇచ్చేది మేము. సరుకు చైనాలోని షెన్‌జెన్ నుంచి విమానంలో వస్తుంది. మోడలు ఎంచడం, టెస్టింగు మా మరిది చూస్తాడు. డబ్బు, కాగితం నావి.

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది, దానికి ముందే ఈమెయిల్లో దిగింది. ఢిల్లీలోని ఒక లా ఫర్మ్, ఒక విదేశీ కంపెనీ తరఫున పంపింది. నాలుగు పేటెంటు నంబర్లు ఇచ్చారు. ఒక్కో పేటెంటుకీ ఒక పట్టిక. ఎడమ పక్కన పేటెంటులోని క్లెయిము, అంటే ఇది మాదని పేటెంటుదారు చెప్పుకునే భాగం, ముక్కలు ముక్కలుగా, కుడి పక్కన 4జీ ప్రమాణంలో (స్టాండర్డులో) ఆ ముక్క ఎక్కడుందో. మీ మాడ్యూలు 4జీ మీద పనిచేస్తోంది కాబట్టి మా పేటెంటు అందులో ఉన్నట్టే అని వాళ్ల వాదన. దీన్ని క్లెయిమ్ చార్ట్ అంటారని తర్వాత తెలిసింది. చార్ట్ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చివర జతచేసిన కాగితం మాత్రం చూడగానే గుర్తుపట్టాను. అది మా జీఎస్టీ ఇన్వాయిస్. కొన్నాళ్ల కిందట ఎవరో ఫోన్ చేసి ఐదు పీసులు శాంపిల్ కావాలన్నారు, డేటాషీట్ పంపమన్నారు, బిల్లు తప్పకుండా కావాలన్నారు. శాంపిల్ కొనేవాడు బిల్లు కోసం అంత పట్టుబట్టడం మా బజార్లో వింతే. అప్పుడు పద్ధతైన మనిషి అనుకుని సంతోషించాను కూడా.

నోటీసులో అడిగినవి: అమ్మకం ఆపాలి, ఇన్నేళ్ల దిగుమతి లెక్కలివ్వాలి, సరఫరాదారు పేరు చెప్పాలి, చేతిలో ఉన్న స్టాకెంతో చెప్పాలి, ఇకమీదట అమ్మబోమని రాసివ్వాలి. గడువు పదిహేను రోజులు.

"మనం తయారు చెయ్యలేదుగా వదినా, కొని అమ్మాం అంతేగా" అన్నాడు మా మరిది. మేమందరం అలాగే అనుకున్నాం. మొగల్రాజపురంలో మా కుటుంబ లాయరు గారు నోటీసు తిరగేసి, ఇది తన పని కాదని నిజాయితీగా చెప్పి, హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంటుగా కూడా పనిచేసే ఒక అడ్వొకేట్ దగ్గరికి పంపారు. ఆవిడ మొదట చెప్పింది మా మరిది మాటకి జవాబే. పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 48 ఉంది. పేటెంటున్న వస్తువుని తయారుచెయ్యడం, వాడడం, అమ్మడం, అమ్మకానికి పెట్టడం, ఆ పనుల కోసం దిగుమతి చేసుకోవడం, ఇవన్నీ ఆపే హక్కు పేటెంటుదారుడిదే. కాపీ కొట్టావా, తెలిసి చేశావా అని అక్కడ ఎవరూ అడగరు. సరుకు ఓడరేవు దాటి నీ పేరు మీద వచ్చిందంటే నువ్వు అందులో ఉన్నట్టే. చైనాలో చిప్ చేసినవాడిని ఢిల్లీ కోర్టుకి లాగడం కష్టం, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి కాగితం) మీద పేరున్న దిగుమతిదారుని లాగడం తేలిక. మా దాకా వచ్చింది అందుకే.

తెలియక చేసినవాడికి ఊరట బొత్తిగా లేకపోలేదు. సెక్షన్ 111 ప్రకారం, పేటెంటు ఉందని తెలియదని, తెలుసుకోవడానికి తగిన కారణమూ లేదని నిరూపించుకుంటే నష్టపరిహారం పడదు. కానీ ఆ మాట నోటీసు అందేదాకే చెల్లుతుంది. అందుకే ఆవిడ నా చేత ముందు చేయించింది లెక్కల పని. నోటీసు తేదీ దగ్గర గీత గీసి, ఆ తర్వాత వచ్చిన, పోయిన ప్రతి మాడ్యూలునీ ట్యాలీలో వేరే గోడౌన్ పేరు కింద చూపించమంది. కోపంలో జవాబు రాయొద్దు, స్టాకు హడావిడిగా తోసెయ్యొద్దు, పాత మెయిళ్లు, సరఫరాదారుతో చాట్లు చెరపొద్దు అంది. మూడో మాట మా వాళ్లకి మింగుడు పడలేదు. అవి అవతలివాళ్లకే పనికొస్తాయేమోనని భయం. చివరికి మాకే పనికొచ్చాయి.

ఆ నాలుగు పేటెంట్లూ ఇంకా బతికున్నాయా అని చూడటం తర్వాతి పని. ఇది ఎవరైనా చెయ్యొచ్చు, ఫీజు లేదు. పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్ అనే వెతుకులాట పేజీలో నంబరు కొడితే దరఖాస్తు తేదీ, రెన్యువల్ కట్టారా లేదా, ఎవరి పేరున ఉంది అన్నీ వస్తాయి. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. నాలుగింటిలో ఒకదానికి నోటీసు రాకముందే కాలం చెల్లిపోయింది, ఇంకోటి కొద్ది నెలల్లో పోయేలా ఉంది. మా మరిది ఎగిరి గంతేశాడు గానీ మిగతా రెండూ గట్టిగానే ఉన్నాయి. పైగా కాలం చెల్లిన పేటెంటుకైనా బతికున్న రోజుల బాకీ అడగొచ్చు.

ఈ లోగా విమానంలో వచ్చిన సరుకు ఎయిర్ కార్గోలో ఆగింది. పేటెంటు ఫిర్యాదు వచ్చిందట, అధికారులు పరీక్షిస్తామంటున్నారని మా సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ దగ్గర మా సరుకు విడిపించే ఏజెంటు, ఫోన్ చేశాడు. గొంతులోనే కంగారు తెలిసిపోతోంది. ఇక్కడ ఒక సంగతి దిగుమతిదారులందరూ తెలుసుకోవాలి. 2007లో మేధోహక్కుల అమలుకి కస్టమ్స్ వాళ్లు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు. హక్కుదారుడు ముందుగా నమోదు చేసుకుంటే అనుమానమున్న సరుకుని కస్టమ్స్ వాళ్లే నిలిపెయ్యొచ్చు. మొదట్లో ఇందులో పేటెంట్లు కూడా ఉండేవి. 2009 ప్రాంతంలో డ్యూయల్ సిమ్ ఫోన్ల మీద తనకి పేటెంటుందని తమిళనాడుకి చెందిన ఒకాయన నమోదు చేయించుకుంటే, దిగుమతిదారుల సరుకు రేవుల్లో చిక్కుకుపోయి కోర్టుల దాకా వెళ్లింది. ఆ పేటెంటునే తర్వాత 2012లో రద్దుచేశారు. ట్రేడ్‌మార్కు అయితే డబ్బా మీద పేరు చూసి దొంగదో అసలుదో అధికారి చెప్పగలడు. చిప్ లోపల ఏ పద్ధతిలో లెక్క జరుగుతోందో రేవులో నిలబడి ఎవరు చెప్పగలరు? చివరికి 2018 జూన్‌లో సవరణ తెచ్చి ఆ నిబంధనల్లోంచి పేటెంట్లని తీసేశారు. ఇప్పుడు పేటెంటు పేరు మీద సరుకు ఆపాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి.

మా అడ్వొకేట్ ఆ సవరణ నోటిఫికేషన్ జతచేసి ఒక పేజీ ఉత్తరం రాసిచ్చింది. సీహెచ్‌ఏ పట్టుకెళ్లి ఇచ్చాడు. సరుకు తెరిచి, ఇన్వాయిస్‌తో సరిచూసి వదిలేశారు. అధికారుల్ని తప్పుపట్టడానికేమీ లేదు, ఫిర్యాదంటూ వచ్చాక వాళ్లు చూడాలి కదా. అయితే నిలవున్నన్నాళ్లూ డెమరేజీ (సరుకు అక్కడ ఉంచినందుకు కట్టే రుసుం) మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువ రోజులు ఆగేలా ఉంటే కస్టమ్స్ చట్టం సెక్షన్ 49 కింద సరుకుని గిడ్డంగికి మార్చమని అడగొచ్చు, ఆ ఖర్చు తగ్గుతుంది. 30 రోజుల్లో విడిపించుకోకపోతే నోటీసిచ్చి వేలం వేసుకునే వీలు కల్పించేది కూడా కస్టమ్స్ చట్టం సెక్షన్ 48. దిగుమతి హక్కు తీసుకెళ్లి పేటెంటుదారుడి చేతిలో పెట్టేదీ 48, ఆగిన సరుకుని పాడేసేదీ 48. ఆ రోజుల్లో నాకు ఆ అంకె కనిపిస్తేనే చిరాకేసేది.

ఇక్కడితో ఆగదని అడ్వొకేట్‌కి తెలుసు. అందుకే నోటీసుకి జవాబు పంపిన వెంటనే ఢిల్లీలో కేవియట్ వేయించింది. అంటే మా మీద దావా వేస్తే మమ్మల్ని వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుని ముందే వేడుకోవడం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద ఇది 90 రోజులు నిలుస్తుంది, తర్వాత మళ్లీ వెయ్యాలి. ఖర్చు పెద్దదేం కాదు. మొత్తం వ్యవహారంలో ఇంత చౌకగా ఇంత మేలు చేసింది ఇంకోటి లేదు. కేవియట్ లేకపోతే పేటెంటు కేసుల్లో జరిగేది ఏమిటంటే, ఒక ఉదయం గుమ్మంలో సరుకు లెక్క చూడటానికి కోర్టు పంపిన కమిషనరు దిగుతారు, అప్పుడే కేసున్నట్టు తెలుస్తుంది.

దావా ఢిల్లీ హైకోర్టులోనే పడింది. ఆన్‌లైన్లో దేశమంతా అమ్ముతున్నారు కాబట్టి ఇక్కడా అమ్మినట్టేనన్నారు. ఢిల్లీలో 2021 నుంచి మేధోహక్కులకి వేరే విభాగమే ఉంది, కంపెనీలు అక్కడికే పోతాయి. విచారణ వీడియోలో చూసే వీలుండబట్టి కొట్టు వెనక గదిలోంచి చూశాను. మా కేసు పిలిచేసరికి మధ్యాహ్నమైంది, మాట్లాడింది కొద్ది నిమిషాలే. వాళ్లు అమ్మకాలన్నీ ఆపమన్నారు. మావాళ్లు ఆపితే కొట్టు మూతపడుతుందన్నారు. తర్వాతి వాయిదా దాకా ఆ మోడళ్లు కొత్తగా దిగుమతి చెయ్యకూడదని, చేతిలో ఉన్న స్టాకుని లోకల్ కమిషనరు వచ్చి లెక్కకట్టి సీలు వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది.

కమిషనరుగా వచ్చింది మా పెద్దమ్మాయి వయసుండే లాయరమ్మాయి. వాళ్ల కంపెనీ తరఫున ఒక లాయరు, ఒక టెక్నీషియను వెంట వచ్చారు. అత్తయ్యగారు కొట్లో కూర్చునే వేళ అది. "ఏమ్మా, తాళం వేస్తారా?" అని అడిగారు సూటిగా. "లేదండీ, లెక్క రాసుకుని పోతాం" అని ఆ పిల్ల ఉత్తర్వు కాపీ చేతికిచ్చి, ముందు చదువుకోండి అంది. ఇలాంటి రోజు ఎవరికైనా వస్తే చెప్పేది ఒకటే: ఆ కాపీ నిదానంగా చదవండి. ఏ మోడళ్లు, ఏ చోటు, ఏమేం చెయ్యొచ్చు అని అందులోనే ఉంటుంది. వాళ్ల టెక్నీషియను వైఫై మాడ్యూళ్ల అర కూడా ఫొటో తీయబోతే, ఉత్తర్వులో లేదని మా మరిది చూపించాడు. కమిషనరు వెంటనే ఆపించింది.

అసలు పేచీ ప్యాకెట్ల దగ్గర వచ్చింది. మాడ్యూళ్లు రీలు చుట్టి, గాలి తీసేసిన వెండిరంగు కవరులో వస్తాయి. లోపల తేమ పీల్చే పొట్లం, తేమ తగిలితే రంగు మారే చుక్కలున్న చిన్న అట్టముక్క ఉంటాయి. కవరు మీద లేబుల్లో ఎంఎస్ఎల్ 3 అని రాసి ఉంటుంది, తేమని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే తరగతి అది. ఆ తరగతి సరుకు కవరు తెరిచాక 168 గంటల్లో బోర్డు మీద సోల్డర్ చేసెయ్యాలి. లేకపోతే లోపల చేరిన తేమ సోల్డర్ చేసే వేడికి ఆవిరై ప్యాకేజీని పగలగొడుతుంది, అలా కాకుండా ఓవెన్లో పెట్టి ఆరబెట్టాలి. టెక్నీషియనేమో ప్రతి కవరూ కోసి పీసులు లెక్కపెడతానంటాడు. కోస్తే సీలు వేసి నెలలు ఉంచే సరుకంతా చెత్త కింద లెక్క. మా మరిది తయారీదారుడి హ్యాండ్లింగ్ షీటు ప్రింటు తీసి, 168 గంటలన్న వరస కింద గీత గీసి కమిషనరు ముందు పెట్టాడు. ఆమె చదివి, ఇద్దరు లాయర్లనీ అడిగి, కోయాల్సింది శాంపిల్ కోసం ఒక్క రీలేనని, మిగతావి లేబుల్ మీది సంఖ్య, లాట్ నంబరు, డేట్ కోడ్ రాసుకుని కవరుతోనే సీలు వెయ్యాలని తేల్చింది. రిపోర్టులో ఆ కారణం కూడా రాయించాం. సాయంత్రందాకా సాగింది. లక్క సీళ్లు వేశాక సరుకు మా దగ్గరే సుపుర్దారీ మీద ఉంచారు, అంటే కోర్టు సొత్తుకి కాపలా మేమే. ఎలకలు కొరక్కుండా ఇనుప బీరువా ఖాళీ చేసి పెట్టాను.

ఆ రిపోర్టులోని లాట్ నంబర్లే తర్వాత కేసంతా నడిపించాయి. ఇది చెప్పాలంటే ముందు రెండు పాత తీర్పులు చెప్పాలి. మా అడ్వొకేట్ మాకు పాఠంలా చెప్పినవే.

మొదటిది డీవీడీ ప్లేయర్ల కేసు. చైనా నుంచి భాగాలు తెప్పించి ఇక్కడ ప్లేయర్లు బిగించి అమ్మినవాళ్ల మీద ఫిలిప్స్ 2009లో దావా వేసింది. మేం కొన్న భాగాలు మీ లైసెన్సున్నవాళ్ల దగ్గర కొన్నవే, లైసెన్సు రుసుం అక్కడే ముట్టింది కదా అని వాళ్ల వాదన. వాదన చట్టరీత్యా నిలబడేదే. అమ్మినవాడికి నిజంగా లైసెన్సుందని, ఫలానా భాగం వాడి దగ్గర్నుంచే వచ్చిందని కాగితం మీద చూపించలేకపోయారు. 2018 జులైలో తీర్పు వచ్చింది. ప్లేయరుకి 3.175 డాలర్ల చొప్పున, 2010 మే చివరి నుంచి 1.90 డాలర్ల చొప్పున రాయల్టీ కట్టాలన్నారు. అప్పటికి పేటెంటు కాలం చెల్లి మూడేళ్లు దాటింది, డీవీడీ ప్లేయర్లు కొనేవాళ్లే లేరు, బాకీ మాత్రం మిగిలింది. రెండోది 2009 నాటి ఎలక్ట్రిక్ కెటిల్ కేసు, స్ట్రిక్స్ అనే కంపెనీ వేసింది. దిగుమతి చేసుకున్నవాళ్లు చైనా సరఫరాదారుడికి పేటెంటుందన్నారు, నమ్మదగిన ఆధారం చూపలేకపోయారు, అమ్మకం ఆపమని ఇంజంక్షన్ పడింది. మన చట్టంలో సెక్షన్ 107ఏ ఉంది, చట్టప్రకారం అధికారం ఉన్నవాడి దగ్గర కొని దిగుమతి చేసుకుంటే ఉల్లంఘన కాదు. కానీ అధికారం ఉందని చూపించాల్సిన బరువు కొన్నవాడి నెత్తిన పడుతుంది.

అంటే ఇదంతా టెక్నాలజీ గొడవలా కనిపిస్తుంది గానీ, మా బోటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న: ఈ రీలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది?

మా స్టాకులో మూడు రకాలున్నాయి. తయారీదారుడి అధీకృత డిస్ట్రిబ్యూటరు నుంచి నేరుగా వచ్చినవి, ఇన్వాయిస్ మీద పార్టు నంబరు, లాటు అన్నీ ఉన్నవి. షెన్‌జెన్‌లో సరుకు పోగుచేసి పంపే కన్సాలిడేటరు ద్వారా వచ్చినవి, ఇన్వాయిస్ మీద మాడ్యూలు పేరు, సంఖ్య తప్ప ఇంకేమీ లేనివి. మూడోది అక్కడి హువాచియాంగ్‌బే బజారులో సీజను వేళ స్పాట్‌లో కొన్నవి. మా మరిదికి ఒక అలవాటుంది. వచ్చిన ప్రతి అట్టపెట్టె లేబులూ కత్తిరించి, తేదీ వేసి, ఫైల్లో అంటిస్తాడు. చిత్తుకాగితాలు దాచుకుంటాడని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. కమిషనరు రిపోర్టులోని లాట్ నంబర్లని ఆ లేబుళ్లతో, మా చాట్లలోని ప్యాకింగ్ ఫొటోలతో జతపరిస్తే, కన్సాలిడేటరు ద్వారా వచ్చినదాంట్లో కూడా సగానికి పైగా అదే డిస్ట్రిబ్యూటరు దగ్గర బయల్దేరిందని తేలింది. రాత్రిళ్లు కూర్చుని ఆ పట్టిక నేనే వేశాను. స్పాట్ సరుకుకి ఏ ఆధారమూ దొరకలేదు. ఆ వ్యాపారిని అడిగితే అంతా ఒరిజినలే, ఏం పర్లేదు మిత్రమా అని, ఎర్ర ముద్ర కొట్టిన ఉత్తరం ఒకటి పంపాడు. మా అడ్వొకేట్ దాన్ని కోర్టులో దాఖలు కూడా చెయ్యలేదు.

2014 డిసెంబరులో షియోమీ ఫోన్ల మీద టెలికాం కంపెనీ ఎరిక్‌సన్ వేసిన కేసులో ముందు అమ్మకాలన్నీ ఆపేసి, తర్వాత లైసెన్సున్న క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్ల వరకు, ఫోనుకి 100 రూపాయలు డిపాజిట్ కడుతూ అమ్ముకోనిచ్చారు. మావాళ్లు ఆ దారే అడిగారు. కాగితమున్న లాట్లు పీసుకింత అని కోర్టులో డిపాజిట్ కట్టి అమ్ముకోవచ్చని, లేనివి సీలు కిందే ఉండాలని ఉత్తర్వైంది. ఒకే రకం మాడ్యూలు, ఒకే అరలో పక్కపక్కన ఉన్న రీళ్లు, కాగితాన్ని బట్టి రెండుగా విడిపోయాయి.

ఇందులో ఒక చిక్కుముడి మా లైన్లో చాలామందికి తెలియదు. 4జీ పేటెంట్లున్నవాళ్లలో చాలామంది చిప్ చేసేవాడికో మాడ్యూలు చేసేవాడికో లైసెన్సివ్వరు, తయారైన పరికరం అమ్మేవాడి దగ్గర వసూలు చేస్తారు. పరికరం ధర ఎక్కువ కాబట్టి రాయల్టీ ఎక్కువ. అంటే మాడ్యూలు అసలుదైనా, డిస్ట్రిబ్యూటరు ఇన్వాయిస్ ఉన్నా పూర్తిగా గట్టెక్కినట్టు కాదు, ఆటోనగర్‌లో స్టార్టరు బిగించేవాడి దాకా అది పాకుతుంది. ఇది న్యాయమేనా అని నన్నడిగితే కాదంటాను. ఫోన్ కంపెనీలకి తగినట్టు కట్టిన లెక్కని రైతు స్టార్టరుకి వేస్తే ఎలా? అదే ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో లావా ఫోన్ల కంపెనీని ఎరిక్‌సన్‌కి 244 కోట్ల రూపాయలు కట్టమంది. అంత పెద్ద కంపెనీ ఏళ్ల తరబడి కొట్లాడాక తేలిన లెక్క అది. మాకు ఆ ఓపికెక్కడిది?

మా గిరాకీదారులకి కేసు సంగతి తెలిసిన రోజు నుంచి ఫోన్లే ఫోన్లు. తెనాలి ఆయన బాకీ ఆపేశాడు. "మీ మాడ్యూలు పెట్టినందుకు నన్నూ లాగితే ఎవరిది పూచీ అమ్మా?" అన్నాడు. ఆయన తప్పు కాదు, వాడినవాడి మీద కూడా కేసు పెట్టొచ్చు మరి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలకి ఉష్ణోగ్రత అలారం పెట్టెలు చేసేవాళ్లు మిర్చి సీజను మొదలవ్వబోతోంటే వేరే మోడలుకి బోర్డు మార్చుకుని పోయారు. బోర్డు మారిస్తే మళ్లీ మన దగ్గరికి రారు.

బ్యాంకు దెబ్బ నేను ఊహించనిది. మా ఓవర్‌డ్రాఫ్టు స్టాకు మీద నడుస్తుంది. ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తే దాన్నిబట్టి డ్రాయింగ్ పవర్, అంటే ఎంతదాకా తీసుకోవచ్చో, లెక్క కడతారు. కోర్టు సీలున్న సరుకుని తాకట్టు కింద ఎలా చూపిస్తారమ్మా, తీసెయ్యండి అన్నారు. తీసేస్తే లిమిట్ ఒక్కసారిగా పడిపోయింది, సరిగ్గా లాయర్ ఫీజులు కట్టాల్సిన వేళకి. ఏడాది చివర ఆడిటరు గారు దావా మొత్తాన్ని కంటింజెంట్ లయబిలిటీగా, అంటే రేపు మీద పడే అవకాశమున్న బాకీగా, లెక్కల కింది నోట్సులో చూపించాలన్నారు. అది చూసి బ్యాంకు మళ్లీ పిలిచింది. కోర్టు ఏమీ తేల్చకముందే కొట్టుకి శిక్ష పడుతున్నట్టుండేది.

జవాబు దావాకి గడువు ఖచ్చితం. సమన్లు అందిన 30 రోజుల్లో వెయ్యాలి, ఎంత బతిమాలినా 120 రోజులు దాటితే తీసుకోరు. మేం జవాబుతో పాటు ఆ రెండు పేటెంట్లు రద్దు చెయ్యాలని ఎదురు దావా కూడా వేశాం, సెక్షన్ 64 కింద. గెలుస్తామని కాదు, మాటలకి కూర్చోబెట్టడానికి. కూర్చున్నారు. హైకోర్టు మీడియేషన్ సెంటర్ ద్వారా వీడియోలో మాట్లాడుకున్నాం. షరతులు బయటపెట్టనని సంతకం పెట్టాను కాబట్టి అంకెలు రాయను. అమ్మిన పీసుల లెక్క వాళ్లు అడిగిన తీరులో ఇవ్వగలగడమే మాకు బేరం తగ్గించింది, అంతవరకు చెప్పగలను. దావా ముగిసింది, సీళ్లు విప్పారు. స్పాట్ సరుకుని మాత్రం ఒప్పందం ప్రకారం నాశనం చేసి ఫొటోలు పంపాల్సొచ్చింది. మా మరిది సుత్తి పట్టుకున్నాడు, నేను వీడియో తీశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి అమెరికా గాలి కూడా తగిలింది. గుంటూరు అలారం పెట్టెలవాళ్లు మళ్లీ వచ్చారు. వాళ్ల సరుకు కొంత హైదరాబాద్ ఎగుమతిదారు ద్వారా అమెరికా పోతుంది. అక్కడి కొనుగోలుదారు ఒక ప్రశ్నల పత్రం పంపాడు: మీ బోర్డులోని ఫలానా విడిభాగం ఎవరు చేశారు, ఏ దారిన వచ్చింది, పార్టు మార్చగలరా? ఇలా అడగడానికి కారణం ఉంది: అక్కడ 1930 నాటి టారిఫ్ చట్టంలో సెక్షన్ 337 అని ఉంది. దాని కింద ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ దిగుమతుల మీద పేటెంటు విచారణ జరుపుతుంది. మన కోర్టులా నష్టపరిహారం ఇప్పించదు, సరుకుని దేశంలోకి రానివ్వొద్దని ఉత్తర్వు ఇస్తుంది, దాన్ని వాళ్ల కస్టమ్స్ అమలు చేస్తుంది. అధ్యక్షుడికి 60 రోజుల పరిశీలన గడువుంటుంది, 2013లో ఆపిల్ మీద వచ్చిన ఉత్తర్వుని అలాగే కొట్టేశారు. మామూలు ఉత్తర్వైతే కేసులో పేరున్న కంపెనీల సరుకుకే వర్తిస్తుంది. చిప్ మీద కేసు వేసి, దాన్ని వాడిన ఇతరుల ఫోన్లని కూడా ఆపాలంటే కుదరదని 2008లో వాళ్ల ఫెడరల్ సర్క్యూట్ కోర్టు క్యోసెరా కేసులో చెప్పింది. అందరి సరుకూ ఆపే జనరల్ ఉత్తర్వు వేరే ఉంది, దానికి రుజువులు గట్టిగా కావాలి. గుంటూరువాళ్ల పేరు ఎక్కడా లేదు, అయినా కొనుగోలుదారు ముందుజాగ్రత్తగా అందర్నీ అడుగుతున్నాడు. ఈసారి పత్రం నింపడానికి నాకు ఒక పూట చాలింది, లేబుళ్ల ఫైలు పక్కనే ఉంది మరి.

ఇప్పుడు మా పర్చేజ్ ఆర్డర్లో కొత్తగా రెండు వాక్యాలు చేర్చాను. సరుకు తయారీదారుడి అధీకృత మార్గంలో కొన్నదని లాట్ నంబర్లతో సహా ఇన్వాయిస్ మీద రాయాలి, పేటెంటు గొడవ వస్తే కేసు ఖర్చు సరఫరాదారు భరించాలి. రెండో వాక్యానికి షెన్‌జెన్‌లో ఎవరూ సులువుగా ఒప్పుకోరు. ఒప్పుకున్నా అక్కడికెళ్లి వసూలు చెయ్యడం మన తరం కాదని నాకూ తెలుసు. కానీ మొదటిదానికి కూడా ఒప్పుకోని వాళ్లెవరో ఆ ఒక్క గీతతో తెలిసిపోతోంది. పాత సరఫరాదారుల్లో ఇద్దరు అలా తప్పుకున్నారు. మాడ్యూలు ధర మాకు ముందుకన్నా ఎక్కువ పడుతోంది, తెనాలి ఆయన ప్రతిసారీ గొణుగుతూనే బిల్లు మీద లాట్ నంబరు వేయించుకుని తీసుకెళ్తున్నాడు.